చెక్ ఇంజిన్ లైట్: పి0301, పి0171, పి0135 కలిసి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి

మీరు రాసిన సంగతి ఇది. విజయవాడలో 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1 లీటరు, 3 సిలిండర్ల ఇంజిన్, పోయిన ఏడాది సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, ఐడిలింగ్‌లో బండి వణుకుతోంది. స్కాన్ చేయిస్తే పి0301 (ఒకటో సిలిండర్‌లో మిస్ ఫైర్), పి0171 (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ), పి0135 (ముందున్న ఓ2 సెన్సర్ హీటర్ సర్క్యూట్) కోడ్లు వచ్చాయి. సైలెన్సర్ వైపు వెళ్ళే పొగలో ఆక్సిజన్‌ను చూసే ఆ ముందున్న ఓ2 సెన్సర్ మార్చి కోడ్లు చెరిపేశారు. నాలుగు రోజులకే అవే మూడు మళ్ళీ వచ్చాయి. ఇప్పుడేమో మెకానిక్ ప్లగ్‌లకు నిప్పు ఇచ్చే మూడు కాయిల్స్, ఫ్యూయల్ పంపు కూడా మార్చేద్దామంటున్నారు. ఈలోగా కుటుంబంతో తిరుమల ప్రయాణం పెట్టుకున్నారు.

ముందు జవాబు చెబుతాను. పంపు జోలికి ఇప్పుడే వెళ్ళకండి. పి0301తో మొదలుపెట్టండి. అది తేలేదాకా పి0171ని పక్కన పెట్టండి. పి0135 కోసం ఫ్యూజు, వైరు, కప్లర్ (వైర్లను కలిపే కనెక్టర్) చూడాలి. కొత్త సెన్సర్ పెట్టినా అదే కోడ్ వచ్చిందంటే దోషం దాదాపుగా వైరింగ్‌లోనే ఉంటుంది. బండి ఇప్పుడున్న స్థితిలో మాత్రం ఘాట్ ఎక్కించకండి.

ఇప్పుడు కారణాలు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ. దానికి కాయిల్ పాడైందనో, పంపు నీరసించిందనో తెలియదు. దానికి తెలిసేది వోల్టేజీలు, వాటి నుంచి వేసుకున్న లెక్కలు. లెక్క తాను అనుకున్న హద్దు దాటితే కోడ్ రాసుకుంటుంది. ఏ వస్తువు మార్చాలో కోడ్‌లో ఉండదు, తేడా ఎక్కడ కనిపించిందో మాత్రమే ఉంటుంది. డబ్బులు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. స్కానర్‌లో 'ఓ2 సెన్సర్' అన్న మాట కనబడగానే సెన్సర్ కొనేస్తారు.

నేను కోడ్లను రెండు రకాలుగా చూస్తాను. వివరణలో 'సర్క్యూట్' అన్న మాట ఉన్నవి ఒక రకం. పి0135, పి0113, పి0118, పి0443 లాంటివి. ఇవి కరెంటుకు సంబంధించినవి: వైరు తెగింది, కప్లర్ ఊడింది, ఫ్యూజు పోయింది, ఎర్త్ సరిగా లేదు, లేదా ఆ సెన్సర్ లోపల తెగింది. మల్టీమీటర్‌తో పది నిమిషాల్లో తేలిపోతుంది. మే నెల మధ్యాహ్నం బెజవాడ ఎండలో స్కానర్ తెర మీద కూలెంట్ టెంపరేచర్ మైనస్ 40 డిగ్రీలని కనబడితే అది టెంపరేచర్ కాదు, సెన్సర్ వైరు ఎక్కడో తెగిందనో కప్లర్ ఊడిందనో అర్థం. తెగిన సర్క్యూట్‌ను ఈసీయూ అలాగే చదువుతుంది. రెండో రకం ఈసీయూ తన లెక్కలతో తేల్చుకున్నవి: పి0300 వరుస (మిస్ ఫైర్), పి0171, పి0172 (పెట్రోల్ ఎక్కువ), పి0420 (క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదు). వీటికి వెనకాల పది కారణాలుండొచ్చు. వీటిని చూసి ఏ వస్తువూ కొనకూడదు, ముందు పరీక్ష చేయాలి. మీ మూడింటిలో ఒకటి మొదటి రకం, రెండు రెండో రకం.

పి0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్ ఫైర్. మనవాళ్ళు 'మిస్సింగ్ కొడుతోంది' అనేది ఇదే. మీది 3 సిలిండర్ల ఇంజిన్ కాబట్టి క్రాంక్ (ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు) 240 డిగ్రీలు తిరిగేసరికల్లా ఒక సిలిండర్ మండాలి. మండినప్పుడల్లా క్రాంక్ కొంచెం వేగం పుంజుకుంటుంది. ఒకటో సిలిండర్ వంతు వచ్చినప్పుడల్లా ఆ ఊపు లేకపోతే క్రాంక్ సెన్సర్ ద్వారా ఈసీయూ పసిగడుతుంది. ఎందుకు మండలేదో దానికి తెలియదు. నిప్పు లేక కావచ్చు, పెట్రోల్ అందక కావచ్చు, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి) లేక కావచ్చు.

దీన్ని తేల్చడానికి కొత్త కాయిల్ అక్కర్లేదు. మీ బండిలో ప్రతి ప్లగ్ మీద ఒక కాయిల్ కూర్చుని ఉంటుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఇగ్నిషన్ ఆఫ్‌లో పెట్టి ఒకటో కాయిల్, రెండో కాయిల్ అటూ ఇటూ మార్చండి. కప్లర్ లాక్‌ను నొక్కి లాగాలి, ఊరికే గుంజితే పాత ప్లాస్టిక్ విరుగుతుంది. కోడ్లు చెరిపి బండి తిప్పండి. ఈసారి పి0302 వస్తే కాయిలే దోషి, ఆ ఒక్కటి మార్చితే చాలు. పి0301 అలాగే ఉంటే కాయిల్ బాగున్నట్టే, ఇప్పుడు ప్లగ్‌లను అదే పద్ధతిలో మార్చి చూడండి. కోడ్ అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్. మూడు కాయిల్స్ ఒకేసారి మార్చమన్నప్పుడు ఈ పరీక్ష చేశారా అని మెకానిక్‌ని అడగండి. మంచి మెకానిక్ అయితే తప్పుగా అనుకోడు.

కాయిల్ పైకి తీసినప్పుడు ప్లగ్ గుంతలోకి టార్చి వేసి చూడండి. రెండు సంగతులు అక్కడే దొరుకుతాయి. గుంతలో ఆయిల్ నిలిచి, కాయిల్ రబ్బరు బూటు జిడ్డుగా ఉబ్బి ఉంటే పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ లీకవుతున్నట్టు. నిప్పు ప్లగ్ కొసకు చేరకుండా పక్కదారి పడుతుంది. ప్యాకింగ్ మార్చకుండా కాయిల్ మార్చితే కొత్త కాయిల్ బూటుకూ అదే గతి. రెండోది నీళ్ళు. వాటర్ సర్వీసింగ్‌లో బానెట్ తెరిచి ప్రెషర్‌తో కొట్టించిన మర్నాడే మిస్సింగ్ మొదలైతే అది కాయిల్ చెడిపోవడం కాదు, గుంతలో నీళ్ళు. గాలి కొట్టి ఆరబెడితే సరిపోతుంది. బూటు మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత పొడవునా కనిపిస్తే మాత్రం నిప్పు అక్కడి నుంచి దూకుతున్నట్టు. ఆ బూటు, ప్లగ్ రెండూ మార్చాలి.

ప్లగ్ కొస రంగు కూడా చూడండి. లేత గోధుమ రంగు ఆరోగ్యం. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది లేదా నిప్పు బలహీనంగా ఉంది. తడి ఆయిల్ ఉంటే రింగులో, వాల్వు సీళ్ళో అరిగాయి. ప్లగ్ బిగించేటప్పుడు మొదటి మరలన్నీ చేతి వేళ్ళతోనే తిప్పాలి. హెడ్ అల్యూమినియం. పానాతో మొదలుపెడితే మర తప్పి వెళ్ళిపోయే ప్రమాదం ఉంది, ఆ ఖర్చు ఈ మూడు కోడ్ల ఖర్చుకు మించిపోతుంది.

ఇక పి0171. 'సిస్టమ్ టూ లీన్', అంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ. మీ విషయంలో దీన్ని రెండో స్థానంలో పెట్టమన్నది ఎందుకంటే మిస్ ఫైర్ ఒక్కటే ఈ కోడ్‌ను పుట్టించగలదు. సిలిండర్‌లో మండకపోతే అందులోని ఆక్సిజన్ ఖర్చు కాకుండా సైలెన్సర్ వైపు వెళ్ళిపోతుంది. ఓ2 సెన్సర్ చూసేది ఆక్సిజన్‌నే, మండని పెట్రోల్ దానికి కనబడదు. 'ఆక్సిజన్ ఎక్కువగా ఉంది, పెట్రోల్ చాలడం లేదు' అని ఈసీయూ అనుకుని మూడు సిలిండర్లకూ పెట్రోల్ పెంచుతుంది. పెంచి పెంచి హద్దు దాటాక పి0171 రాస్తుంది. ఇప్పుడు పంపు మార్చినా ఆ లెక్క మారదు. కాయిల్ బాగుచేస్తే పి0171 దానంతటదే పోయిన బండ్లు చాలా ఉన్నాయి.

మిస్సింగ్ తగ్గాక కూడా పి0171 వస్తే ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత పెంచిందో తగ్గించిందో చూడాలి. స్కానర్ లైవ్ డేటాలో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండు శాతాలుంటాయి. రెండూ కూడండి. మొత్తం ప్లస్ 10, మైనస్ 10 మధ్య ఉంటే కంగారు లేదు. 20 దాటి పాతిక దరిదాపుల్లోకి వస్తే కోడ్ పడుతుంది. ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి ఒకసారి, తోడుగా ఒకరిని కూర్చోబెట్టుకుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఒకసారి రాసుకోండి. ఐడిలింగ్‌లో ఎక్కువగా ఉండి రేజ్ చేస్తే తగ్గితే ఎక్కడో గాలి లీకు. ఐడిలింగ్‌లో బాగుండి ఎత్తు ఎక్కేటప్పుడు పెరిగితే పెట్రోల్ చాలడం లేదు: ఫిల్టర్, పంపు, ఇంజెక్టర్లు. పంపును అనుమానించాల్సింది అప్పుడు. అది కూడా ప్రెషర్ గేజ్ పెట్టి చూశాకే.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పి0171 గురించి ఇంటర్నెట్‌లో వెతికితే 'వాక్యూమ్ లీకు చూడండి, ఎమ్ఏఎఫ్ సెన్సర్ కడగండి' అని ఎక్కువగా కనబడుతుంది. అవి గాలిని నేరుగా కొలిచే ఎమ్ఏఎఫ్ సెన్సర్ ఉన్న ఇంజిన్లకు రాసిన సలహాలు. మన చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటికి ఆ సెన్సర్ ఉండదు. మ్యానిఫోల్డ్‌లోని ఒత్తిడిని చూసి గాలిని లెక్కగట్టే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. లీకు గుండా వచ్చిన గాలి కూడా ఆ ఒత్తిడిలో కలిసిపోతుంది కాబట్టి దానికి తగ్గ పెట్రోల్‌ను ఈసీయూ ఇచ్చేస్తుంది. అందుకే ఇలాంటి ఇంజిన్‌లో వాక్యూమ్ లీకు ఎక్కువగా ఐడిల్ ఆర్‌పీఎం పెరగడం రూపంలో బయటపడుతుంది. మీ ఆర్‌పీఎం మామూలుగానే ఉంటే ముందు ఇంజెక్టర్లు, ప్రెషర్, ఓ2 సెన్సర్‌కు ముందున్న ఎగ్జాస్ట్ జాయింట్ చూడండి. ఆ జాయింట్ దగ్గర ప్యాకింగ్ పోతే బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్‌ను తప్పుదారి పట్టిస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో 'టిక్ టిక్' మని చప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గిపోతే అనుమానించాల్సింది అదే.

పెట్రోల్ సంగతి కూడా చెప్పాలి. ఉత్త పెట్రోల్ 1 కిలో మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఎథనాల్ కలిస్తే అది సుమారు 13.5కి దిగుతుంది, అంటే అంతే గాలికి పెట్రోల్ ఎక్కువ పోయాలి. మీ బండి తయారైన రోజుల్లో బంకుల్లో ఇంత ఎథనాల్ లేదు. ఈసీయూ ట్రిమ్ పెంచి సర్దుకుంటుంది. ఈ ఒక్క కారణంతో కోడ్ రాదు. ఇంజెక్టర్లు సగం పూడుకుపోయి ఇప్పటికే అంచున ఉన్న బండిని మాత్రం ఇది హద్దు దాటిస్తుంది. వానాకాలంలో ట్యాంకులోకి నీళ్ళు చేరితే ఎథనాల్ ఆ నీటితో కలిసి అడుక్కి దిగుతుంది. బంకులో కొట్టించిన కొద్ది కిలోమీటర్లకే ఏ ఒక్క సిలిండర్ అని కాకుండా అన్నీ మిస్ అవుతూ పి0300 వస్తే కాయిల్స్ కాదు, ట్యాంకులోని పెట్రోల్‌ను సీసాలోకి తీసి చూడండి. రెండు పొరలుగా విడిపోయి కనిపిస్తే సంగతి తెలిసినట్టే.

పి0135 అంటే ముందున్న ఓ2 సెన్సర్ హీటర్ సర్క్యూట్. ఈ సెన్సర్ కొన్ని వందల డిగ్రీలు వేడెక్కితేగాని సరిగా పనిచేయదు, అందుకే లోపల చిన్న హీటర్ పెడతారు. సెన్సర్‌కు నాలుగు వైర్లుంటే వాటిలో ఒకే రంగులో ఉన్న రెండూ హీటర్‌వి. కప్లర్ విప్పి సెన్సర్ వైపు ఆ రెంటి మధ్య ఓమ్స్ కొలవండి. కొద్ది ఓమ్స్ నుంచి ఓ పదిహేను దాకా చూపిస్తే హీటర్ బతికే ఉంది. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి బండి వైపు కప్లర్‌లో ఒక పిన్నుకు బ్యాటరీ వోల్టేజీ వస్తోందా చూడండి. రాకపోతే ఫ్యూజు, ఆ తర్వాత వైరు. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో నిలిపే బండ్లకు ఎలుకల బెడద మామూలే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా చుట్టూ, బ్యాటరీ కింద, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ లోపలి సీట్లకూ మధ్య ఉన్న రేకు) పక్కన వైరింగ్ టేపు కొరికి ఉందేమో చూడండి.

మీరు బెజవాడలో పోయిన ఏడాది కొన్నారు కాబట్టి ఇంకొకటి తప్పకుండా చూడమంటాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతమంతా మునిగినప్పుడు ఎన్నో కార్లు నీళ్ళలో ఉండిపోయాయి. మీ బండి అందులో ఒకటని అనడం లేదు. డ్రైవర్ సీటు కింద కార్పెట్ ఎత్తి, సీటు పట్టాలకు, కింద ఉన్న పసుపు కప్లర్‌కు తుప్పో బురద మరకో ఉందా చూడండి. ఆ పసుపు కప్లర్ ఎయిర్‌బ్యాగు వ్యవస్థది కాబట్టి చూడండి గానీ విప్పకండి. నీళ్ళు ఎక్కిన బండిలో కప్లర్ పిన్నులకు పచ్చగా చిలుము పడుతుంది. ఒక సెన్సర్ మార్చితే ఇంకో కోడ్, అది మార్చితే మరొకటి, ఇలా నెలల తరబడి సాగుతుంది. అప్పుడు చేయాల్సింది పసుపువి తప్ప మిగతా కప్లర్లన్నీ విప్పి శుభ్రం చేయడమే.

మిస్ ఫైర్‌తోనే ఘాట్ ఎక్కించవద్దని ఎందుకంటున్నానంటే, మండని పెట్రోల్ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండుతుంది. లోపలి పింగాణీ తేనెపట్టు మరీ వేడెక్కి కరుగుతుంది. తర్వాత పి0420 వస్తుంది, పికప్ పడిపోతుంది. అందులో ప్లాటినమ్, పల్లాడియమ్, రోడియమ్ ఉంటాయి కాబట్టి అసలైనది కొనాలంటే మీ కాయిల్స్, పంపు కలిపినా ఆ ధరకు దూరంగానే ఉంటాయి. లైట్ నిలకడగా వెలిగితే జాగ్రత్తగా ఇంటికో షెడ్‌కో చేరొచ్చు. మిణుకు మిణుకుమంటూ కొట్టుకుంటుంటే ఆ క్షణంలోనే కన్వర్టర్‌కు హాని జరుగుతోందని అర్థం. యాక్సిలరేటర్ వదిలి పక్కకు తీసి ఆపాలి. ఘాట్‌లో ఇంజిన్ మీద బరువు పడుతుంది, మిస్సింగ్ అక్కడే ఎక్కువవుతుంది. వెనకాల బస్సులు, ముందు మలుపులు, బండిలో పిల్లలు. ఆ పరిస్థితి మనకెందుకు?

పి0420 వచ్చిందని నేరుగా కన్వర్టర్ మార్చేవాళ్ళకు ఒక మాట: మిస్ ఫైర్, ఆయిల్ తాగడం, ఎగ్జాస్ట్ లీకు, ఈ మూడూ లేవని తేలాకే మార్చండి. లేకపోతే కొత్తది కూడా పోతుంది. లోపలి తేనెపట్టు పగలగొట్టి ఖాళీ గొట్టం పెట్టిస్తే కోడ్ పోదు, పొగ మాత్రం ఊరంతా పీలుస్తుంది.

మిగతా కోడ్లలో మన దగ్గర తరచూ కనబడేవి కొన్ని. పి0128 వస్తే ఇంజిన్ తగినంత వేడెక్కడం లేదని. 'మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు' అని తీసి పారేసిన బండ్లలో ఇది ఎక్కువ. థర్మోస్టాట్ ఎండాకాలంలోనూ కావాలి. అది లేకపోతే ఇంజిన్ చల్లగా నడిచి పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోయడం కూడా ఇదే బాపతు.

పి0335, పి0340 క్రాంక్, క్యామ్ సెన్సర్లవి. బండి వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోయి, పావుగంట చల్లారాక మళ్ళీ స్టార్ట్ అయితే వీటిని అనుమానించాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు లైవ్ డేటాలో ఆర్‌పీఎం సున్నాలోనే ఉంటే క్రాంక్ సెన్సర్ నుంచి సిగ్నల్ రావడం లేదు. హైవే మీద ఆగిపోయే కోడ్ ఇది, వాయిదా వేయకూడదు. పి2135 అయితే థ్రాటిల్‌లోని రెండు సెన్సర్లకు పొంతన లేదని. బండి లింప్ మోడ్‌లోకి వెళ్ళి లాగడం మానేస్తుంది.

సంబంధం లేని నాలుగైదు కోడ్లు ఒకేసారి వస్తే బ్యాటరీ దగ్గర మొదలుపెట్టండి. ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్స్ మీద 13.5 నుంచి 14.5 వోల్టులు రావాలి. ఎర్త్ వైరు బోల్టు వదులైనా ఇదే తంతు. 'పెట్రోల్ మూత బిగించండి, లైట్ పోతుంది' అన్న సలహా అమెరికా బండ్లకు సంబంధించినది. అక్కడ ట్యాంకు ఆవిరి లీకును ఈసీయూ పరీక్షిస్తుంది. మీ బండి కాలపు మన దేశం బండ్లలో చాలావరకు ఆ పరీక్షే లేదు.

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి పెట్టే బ్లూటూత్ ఈఎల్ఎమ్327 అడాప్టర్ ఒకటి కొనుక్కోండి, ఫోన్‌లో యాప్ వేసుకుంటే ఇంజిన్ కోడ్లు, లైవ్ డేటా వస్తాయి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ కోడ్లు వీటిలో మామూలుగా రావు, వాటికి పెద్ద స్కానర్ కావాలి. పని అయ్యాక అడాప్టర్ తీసేయండి. 16వ పిన్నులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి చాలా రోజులు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోవచ్చు.

ఎవరు కోడ్ చెరపబోయినా ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో తీసుకోండి. కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, కూలెంట్ వేడి ఎంత, లోడ్ ఎంత, ట్రిమ్ ఎంత అన్నది అందులో ఉంటుంది. చెరిపితే అది పోతుంది, చాలా బండ్లలో బ్యాటరీ వైరు విప్పినా పోతుంది. చల్లటి ఇంజిన్‌లో ఐడిలింగ్‌లో పడిన పి0301కి, 80 వేగంలో వేడి మీద పడినదానికి వెతికే చోటు వేరు. రిపేరు సరిగా జరిగితే చెరపకపోయినా వరసగా 3 డ్రైవింగ్ సైకిళ్ళలో (స్టార్ట్ చేసి, నడిపి, ఆపడం ఒక సైకిల్) తప్పు కనబడకపోతే లైట్ దానంతటదే ఆరిపోతుంది. కోడ్ మెమరీలోంచి పోవడానికి ఇంజిన్ 40 సార్లు చల్లారి వేడెక్కాలి.

ప్రయాణానికి ముందు మీరు చేయాల్సింది: కాయిల్ అటూ ఇటూ మార్చి చూడటం, ప్లగ్ గుంతలు చూడటం, హీటర్ ఫ్యూజు, వైరు కొలవడం. రిపేరు అయ్యాక రోజుకో కోల్డ్ స్టార్ట్‌తో రెండు మూడు రోజులు ఊళ్ళోనూ హైవే మీదా తిప్పండి. తర్వాత స్కానర్‌లో 'పెండింగ్' కోడ్లు తెరిచి చూడండి. చాలా తప్పులు మొదటి ట్రిప్పులో లైట్ వెలిగించవు, ముందు అక్కడ చేరతాయి. పెండింగ్ ఖాళీగా ఉండి, ట్రిమ్ మొత్తం 10 లోపు ఉండి, ఐడిలింగ్ నిలకడగా ఉంటే ఆ బండిలోనే తిరుమల వెళ్ళండి. పి0301 పెండింగ్‌లో కనబడితే మాత్రం ఈసారికి రైలు టికెట్లు చూసుకోండి, వచ్చాక కంప్రెషన్ పరీక్ష చేయించండి.